గోదావరి డెల్టా నుంచి ఉష్ణమండల దీవులకు ఓడ ప్రయాణం: సమగ్ర మార్గదర్శి

కోరంగి రేవు నుంచి తెరచాప ఓడలు బర్మా వైపు సాగిన రోజుల్లో గోదావరి డెల్టా వాసులకు సముద్ర ప్రయాణం కొత్త సంగతి కాదు. 1839 నాటి పెనుతుపాను కోరంగిని దెబ్బతీసిన తరువాత వ్యాపారం క్రమంగా కాకినాడకు మళ్లింది. నేడు కాకినాడ రేవుకు వచ్చేవి సరుకు ఓడలే తప్ప, దీవులకు ప్రయాణికులను చేరవేసే ఓడ అక్కడి నుంచి ఒక్కటీ లేదు. అందువల్ల అమలాపురం, రాజోలు, నరసాపురం, భీమవరం, కాకినాడ ప్రాంతాల కుటుంబాలు దీవులు చూడాలనుకుంటే విశాఖపట్నం, చెన్నై, కొచ్చి రేవులలో ఒకదానిని ఎంచుకోవలసి ఉంటుంది.

ఓడలోని భోజనశాల, ఈతకొలను, వినోద కార్యక్రమాలు చూసి టికెట్టు కొనేవారే ఎక్కువ. దీవుల యాత్రలో పెట్టిన ఖర్చుకు తగిన ఫలితం దక్కేది రేవులో దిగిన ఆ కొద్ది గంటలలోనే. కాబట్టి ఓడ రేవులో ఎన్ని గంటలు ఆగుతుంది, ఒడ్డుకు ఎలా చేరుస్తారు అన్న రెండు విషయాలను ముందు తేల్చుకుని, గది, సామాను, మందులు, రైలు టికెట్టు మొదలైనవన్నీ వాటిని బట్టి అమర్చుకోవాలి. ఈ మార్గదర్శి ఆ వరుసలోనే సాగుతుంది.

1. ఏ దీవులకు వెళ్లాలో నిర్ణయించుకోవడం

మనకు అందుబాటులో ఉన్న దారులు ప్రధానంగా మూడు.

మొదటిది అండమాన్. విశాఖపట్నం నుంచి శ్రీ విజయపురానికి, అంటే 2024 వరకు పోర్ట్ బ్లెయిర్ అని పిలిచిన ఊరికి, ప్రభుత్వ ప్రయాణికుల ఓడ సుమారు నెలకొకసారి వెళుతుంది. చెన్నై, కోల్‌కతాల నుంచి ఓడలు ఇంకాస్త తరచుగా ఉంటాయి. విశాఖ నుంచి ప్రయాణానికి సుమారు 56 గంటలు, అంటే రెండు పగళ్లు, రెండు రాత్రుల పైచిలుకు పడుతుంది. ఇది విహార నౌక కాదు. దీవుల్లో నివసించేవారు రాకపోకలకు వాడుకునే ఓడ. సముద్రాన్ని సముద్రంగా చూడాలనుకునేవారికి, చేతిలో తీరిక ఉన్నవారికి ఇది తగినది.

రెండవది లక్షద్వీప్. కొచ్చి నుంచి ‘సముద్రం’ అనే ఐదు రోజుల యాత్రను లక్షద్వీప్ పరిపాలనకు చెందిన ‘స్పోర్ట్స్’ సంస్థ నడుపుతుంది. ఎం.వి. కవరత్తి ఓడలో రాత్రులు గడుపుతూ, పగటి వేళ కవరత్తి, కల్పేని, మినికాయ్ దీవులలో దిగి, సాయంత్రానికి మళ్లీ ఓడ ఎక్కుతారు. ఆ ఓడ మన విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డులోనే తయారైంది. రేవు నుంచి రేవుకు సాగే దీవుల యాత్రకు అసలైన నమూనా ఇదే కనుక, పెద్దవారితో కలిసి మొదటిసారి వెళ్లే కుటుంబానికి నేను సూచించేది ఈ దారినే.

మూడవది ప్రైవేటు విహార నౌకలు. విశాఖలో 2023లో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైనప్పటికీ అక్కడి నుంచి నౌకలు అరుదుగానే బయలుదేరుతాయి. చెన్నై, ముంబై, సింగపూర్ల నుంచి వెళ్లేవి ఎక్కువ. సింగపూర్ నుంచి పెనాంగ్, ఫుకెట్ వైపు మూడు నాలుగు రాత్రుల యాత్రలు ఏడాది పొడవునా దొరుకుతాయి. వీటిలో సౌకర్యం ఎక్కువ, రేవులో గడిపే సమయం తక్కువ.

2. కాలం చూసుకోవడం

బంగాళాఖాతం స్వభావం డెల్టా వాసులకు వేరొకరు చెప్పవలసిన పని లేదు. 1996 నవంబరు తుపానులో కొబ్బరిచెట్లు వరుసలు వరుసలుగా నేలకొరగడం చూసినవారు, అక్టోబరు, నవంబరు మాసాల్లో అండమాన్ ఓడ ఎక్కుదామంటే సహజంగానే వెనుకాడతారు. ఆ జంకు సరైనదే. జనవరి నుంచి ఏప్రిల్ మొదటి వారాల వరకు బంగాళాఖాతం సాపేక్షంగా నెమ్మదిగా ఉంటుంది.

లక్షద్వీప్ ఉన్నది అరేబియా సముద్రంలో కాబట్టి అక్కడి లెక్క వేరు. నైరుతి రుతుపవనాల వేళ, సుమారుగా మే మధ్య నుంచి సెప్టెంబరు మధ్య వరకు, కెరటాల ఉధృతి వల్ల ఓడ నుంచి పడవలోకి మనుషులను దింపడం కష్టమవుతుంది కనుక యాత్రలు ఆగిపోతాయి. డిసెంబరు నుంచి మార్చి వరకు అనుకూలం. సంక్రాంతి సెలవుల్లో వెళదామనుకునేవారు కనీసం రెండు నెలల ముందు నుంచే ప్రయత్నించాలి.

3. కార్యక్రమ పత్రాన్ని చదవడం

ప్రతి యాత్రకూ రేవుల జాబితా, ఓడ చేరే వేళ, బయలుదేరే వేళ ఉన్న పత్రం ఇస్తారు. అందులో ‘ఉదయం 8 నుంచి సాయంత్రం 5 వరకు’ అని ఉంటే చేతికి తొమ్మిది గంటలు దొరికినట్లు తోస్తుంది. లెక్క వేస్తే అలా తేలదు. ఓడ ఆగాక అనుమతి వచ్చేసరికి ఒక అరగంట, దిగడానికి వరుసలో మరొక అరగంట నుంచి గంట పోతాయి. బయలుదేరే వేళకు గంట, కొన్ని చోట్ల ఇంకా ముందుగానే అందరూ ఓడ మీద ఉండాలంటారు. మిగిలేది ఆరేడు గంటలు. అందులో భోజనం, స్థానిక ప్రయాణం పోగా నిలకడగా చూడగలిగేది రెండు చోట్లే. నాలుగు చోట్ల పేర్లు రాసుకుని వెళ్లేవారు నాలుగింటినీ వాహనం కిటికీలోంచే చూసి వస్తారు.

రెండవ ప్రశ్న: ఓడ జెట్టీకి ఆనుకుంటుందా, బయట లంగరు వేస్తుందా? కాకినాడలో పెద్ద ఓడలు బయట లంగరు వేసి నిలవగా బార్జీలు సరుకును అటూ ఇటూ చేరవేయడం మనకు తెలిసినదే. లక్షద్వీప్‌లో సరిగ్గా ఇదే పద్ధతిలో మనుషులను దింపుతారు. పగడపు దిబ్బల మధ్య ఉన్న మడుగు లోతు తక్కువ కనుక పెద్ద ఓడ లోపలికి రాలేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు ఉంటే, రేవుల జాబితాలో ఏ రేవు జెట్టీది, ఏది పడవది అన్నది టికెట్టు కొనక ముందే అడిగి తెలుసుకోవాలి. అండమాన్ ఓడ మాత్రం హాడో రేవులో నేరుగా ఒడ్డుకు ఆనుతుంది. నిచ్చెన మెట్లు ఎక్కి దిగగలిగితే చాలు.

మూడవది గడియారం. భారత కాలమానానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడ సమీపం నుంచే వెళుతుంది కనుక మన గడియారం, మన సూర్యుడు ఒకదానితో ఒకటి సరిపోతాయి. అండమాన్ మనకు పది డిగ్రీలు తూర్పున ఉంది. అదే గడియారంతో అక్కడ సూర్యుడు సుమారు 40 నిమిషాలు ముందుంటాడు. డిసెంబరులో సాయంత్రం ఐదింటికే పొద్దు గుంకుతుంది కాబట్టి, సముద్ర స్నానం, దీవుల సందర్శన ఉదయం ఆరింటి నుంచే మొదలుపెట్టాలి. లక్షద్వీప్‌లో దీనికి భిన్నంగా, పొద్దు ఆలస్యంగా వాలుతుంది. విదేశీ రేవులలో ఇంకో చిక్కు ఉంది: ఫుకెట్ సమయం సింగపూర్ కంటే గంట వెనుక. ఓడ ఏ సమయాన్ని పాటిస్తుందో ఓడలో రోజూ ఇచ్చే కాగితం మీద రాసి ఉంటుంది. ఫోను గడియారం తనంతట తాను మారిపోతుంది కనుక చేతికి మామూలు గడియారం పెట్టుకుని, దానిని ఓడ సమయానికే ఉంచాలి. సఖినేటిపల్లి రేవులో ఆఖరి పంటు దాటిపోతే చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి రావచ్చు. దీవిలో ఓడ దాటిపోతే తదుపరి రేవుకు విమానమో మరొకటో సొంత ఖర్చుతో పట్టుకోవలసిందే.

4. అనుమతులు, టికెట్లు

అండమాన్ ప్రధాన దీవులకు భారతీయులకు ప్రత్యేక అనుమతి అక్కరలేదు. నికోబార్ గిరిజన ప్రాంతాలకు అవసరం. ఓడ కార్యక్రమం ఖరారైన తరువాతే టికెట్లు అమ్మకానికి వస్తాయి, దీవుల వాసులకు ప్రాధాన్యం ఉంటుంది, తేదీలు మారడమూ ఉంది. కాబట్టి ఓడ తేదీ నిర్ధారణ కాకముందు దీవిలో హోటలుకు తిరిగి ఇవ్వని ముందస్తు సొమ్ము చెల్లించరాదు. గుర్తింపు కార్డు అసలు ప్రతితో పాటు నకళ్లు నాలుగైదు దగ్గర ఉంచుకోవాలి.

లక్షద్వీప్‌కు స్థానికులు కాని ప్రతి ఒక్కరికీ ప్రవేశ అనుమతి తప్పనిసరి. యాత్ర తీసుకుంటే నిర్వాహకులే అనుమతి ఇప్పిస్తారు గానీ, మన వైపు నుంచి ఇవ్వవలసిన పత్రాలు ఆలస్యమైతే అంతా ఆగుతుంది. పోలీసు ధ్రువపత్రం కావాలా వద్దా అన్నది బుకింగు రోజునే అడిగి, కావాలంటే అదే వారంలో స్థానిక స్టేషనులో దరఖాస్తు పెట్టాలి. ఆధార్‌లో, దరఖాస్తులో పేరు ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరొకచోట పొడి అక్షరంగా ఉండడం మన వైపు సర్వసాధారణం. చిక్కులు మొదలయ్యేది అక్కడే.

సింగపూర్ నుంచి వెళ్లేవారు ఓడ దిగి మళ్లీ సింగపూర్‌లోనే అడుగుపెడతారు కనుక ఒకసారికి మించి ప్రవేశం అనుమతించే వీసా ఉండాలి. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి.

5. గది ఎంపిక, కడుపు తిప్పుడు

పాపికొండల లాంచీలో హాయిగా కూర్చున్నాం కదా, సముద్రం మనల్నేం చేస్తుందన్న ధీమా పనికిరాదు. నదిలో పడవ ముందుకు సాగుతుంది. సముద్రంలో ఓడ ముందుకు సాగుతూనే పక్కలకు ఒరుగుతుంది, ముక్కు ఎత్తి దించుతుంది. ఈ కదలిక అతి తక్కువగా ఉండేది ఓడ నడిమి భాగంలో, కింది అంతస్తులలో. బాల్కనీ ఉన్న పై అంతస్తు గది ఖరీదు ఎక్కువ, ఊపు కూడా ఎక్కువే.

అండమాన్ ఓడలో డీలక్సు గది నుంచి బంకు తరగతి వరకు ఉంటాయి. బంకు అంటే ఒకే పెద్ద హాలులో రైలు స్లీపరు మాదిరి వరుసలుగా పడకలు. టికెట్టు చాలా చవక, కాలక్షేపానికి కొదవ ఉండదు, కానీ మరుగుదొడ్ల శుభ్రత రెండవ రోజుకు తగ్గుతుంది. కుర్రవాళ్లకు ఫరవాలేదు, పెద్దవారితో వెళ్లేవారు క్యాబిన్ తరగతికే ప్రయత్నించాలి. బంకులో వెళ్లేవారు దుప్పటి, గాలి దిండు, సంచికి గొలుసు తాళం, చెవిలో పెట్టుకునే దూది తీసుకువెళ్లాలి.

వాంతి మాత్ర ఓడ కదలడానికి ముందే వేసుకోవాలి. తిప్పడం మొదలయ్యాక వేసుకున్న మాత్ర కడుపులో నిలవదు. అవోమిన్ వంటివి నిద్ర తెప్పిస్తాయి. గ్లకోమా, ప్రోస్టేటు సమస్యలు ఉన్నవారు వైద్యుని అడగకుండా వాడరాదు. ఖాళీ కడుపు, నిండు కడుపు రెండూ చెరుపే చేస్తాయి. మరమరాలు, ఉప్పు బిస్కట్లు, అల్లం మురబ్బా, నిమ్మకాయ ఊరగాయతో రెండు ముద్దల పెరుగన్నం మొదటి రోజుకు సరిపోతాయి. ఆత్రేయపురం పూతరేకులు, ఆవకాయ తీసుకువెళ్లవద్దని ఎవరూ అనరు గాని, వాటిని రెండవ రోజుకు వాయిదా వేయడం మేలు. తల తిరిగినప్పుడు గదిలో పడుకోక, బయటి అంతస్తుకు వచ్చి సముద్రం ఆకాశం కలిసే గీతను చూస్తూ నిలబడాలి. ఫోనులో చదవడం పూర్తిగా మానాలి.

6. బయలుదేరే రేవుకు చేరడం

ఓడ బయలుదేరే రోజున ఉదయం సామర్లకోటలో రైలు ఎక్కి విశాఖ చేరవచ్చు, దూరం 150 కిలోమీటర్లే. అయినా ముందు రోజే చేరడం మంచిది. కొచ్చికి రాజమహేంద్రవరం మీదుగా కేరళ వైపు వెళ్లే ధన్‌బాద్–అలెప్పీ ఎక్స్‌ప్రెస్ అనుకూలం. ఓడకు, రైలు చేరే వేళకు మధ్య ఒక పూర్తి రాత్రి ఉంచాలి.

సామాను రెండుగా విడదీయాలి. పెద్ద సంచి గదిలోనే ఉంటుంది. రేవులో దిగేటప్పుడు వీపుకు తగిలించుకునే చిన్న సంచిలో మందులు, గుర్తింపు కార్డు, నీళ్ల సీసా, తువాలు, మార్చుకునే బట్టలు, కొంత నగదు పెట్టుకోవాలి. చేతులు రెండూ ఖాళీగా ఉండాలన్నది ఇక్కడ నియమం; కారణం ఎనిమిదవ భాగంలో తెలుస్తుంది. రక్తపోటు, మధుమేహం మాత్రలు అనుకున్న రోజుల కంటే నాలుగు రోజులకు ఎక్కువ తీసుకువెళ్లాలి, ఎందుకంటే ఓడ ఆలస్యమైతే నడిసముద్రంలో మందుల దుకాణం ఉండదు.

ఒడ్డు దాటిన గంట రెండు గంటల్లో ఫోను సిగ్నలు పోతుంది. పెద్ద విహార నౌకల్లో సముద్రం మీద కూడా సిగ్నలు వస్తున్నట్లు కనిపిస్తే సంతోషించరాదు. అది ఉపగ్రహం ద్వారా వచ్చే ఖరీదైన రోమింగు. ఓడ ఎక్కగానే ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాలి. ఇంట్లోవారికి ‘ఫలానా రోజు వరకు ఫోను కలవదు’ అని ముందే చెప్పడం అందరికీ మనశ్శాంతి.

7. ఓడ ఎక్కిన మొదటి గంట

భద్రతా శిక్షణకు పిలిచినప్పుడు తప్పక వెళ్లాలి. మన గది నుంచి ప్రాణరక్షక పడవ దగ్గరకు ఏ మెట్ల దారిన వెళ్లాలో ఒకసారి నడిచి చూసుకోవాలి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగిన దుర్ఘటన తరువాత, లైఫ్ జాకెట్టు బిగించుకోమంటే ఉక్కపోతగా ఉందని విప్పేసేవారిని చూస్తే ఏమనాలో తోచదు. పిల్లలకు వారి కొలతకు తగిన జాకెట్టు గదిలో ఉన్నదో లేదో మొదటి గంటలోనే చూసి, లేకపోతే అడిగి తీసుకోవాలి.

8. పడవలోకి దిగడం, లక్షద్వీప్ మూడు రేవులు

ఓడ పక్కగోడలో నీటి మట్టానికి కొద్ది ఎత్తున ఒక తలుపు తెరుస్తారు. దాని పక్కకు పడవ వచ్చి ఆనుకుంటుంది. ప్రశాంతంగా ఉన్న రోజున కూడా ఆ పడవ అడుగు రెండడుగులు లేస్తూ, పడుతూ ఉంటుంది. గుమ్మంలో ఒక కళాసీ, పడవలో ఇద్దరు నిలబడి మన మోచేతుల కింద పట్టుకుంటారు. పడవ పైకి లేచి గుమ్మంతో సమమైన క్షణంలో వారు ‘ఆ’ అంటారు. అప్పుడు ఒకే అడుగు వేయాలి. చాలామంది చేసే పొరపాటు, పడవ కిందికి జారుతున్నప్పుడు కాలు చాచి ఆగిపోవడం. వేస్తే పూర్తిగా వేయాలి, లేకపోతే తరువాతి కెరటం దాకా ఆగాలి. ఆగమంటే ఎవరూ విసుక్కోరు. మనమే కళాసీ చేతిని పట్టుకోవడం కంటే, అతనిని మన చేయి పట్టుకోనివ్వాలి. చీర కట్టినవారు కుచ్చెళ్లు ఎత్తి నడుముకు దోపుకోవాలి. పంజాబీ దుస్తులైతే ఇంకా సులువు. కాళ్లకు వెనుక పట్టీ ఉన్న చెప్పులు వేసుకోవాలి, ఎందుకంటే వట్టి హవాయి చెప్పు ఆ గుమ్మంలోనే జారుతుంది.

కవరత్తి పరిపాలనా కేంద్రం. ఇక్కడ గాజు అడుగు పడవలో మడుగు మీద తిరుగుతూ పగడాలు చూడవచ్చు. పాత మసీదుల చెక్క పనితనం చూడదగినది. కల్పేని మడుగు విశాలంగా, లోతు తక్కువగా ఉంటుంది కనుక ఈత రానివారు కూడా జాకెట్టుతో నీటిలో దిగడానికి మూడింటిలో ఇదే అనుకూలమని నా అభిప్రాయం. మినికాయ్ మిగతా దీవులకు దూరంగా దక్షిణాన ఉంది; అక్కడి భాష మలయాళం కాదు, మాల్దీవులవారి భాషకు దగ్గరి మహల్. 1885 నాటి దీపస్తంభం ఎక్కగలిగినవారు ఎక్కాలి. పై నుంచి దీవి ఒక వంపు తిరిగిన సన్నని పట్టీలా, ఒక పక్క మడుగు, మరో పక్క ముదురు నీలం సముద్రంతో కనిపిస్తుంది. గేలం కర్రలతో చేపలు పట్టే ఇక్కడి పద్ధతి ప్రసిద్ధం. భోజనంలో సూరచేప తప్పదు. శాకాహారులు బుకింగు సమయంలోనే చెప్పాలి.

కోనసీమవారికి ఈ దీవులలో కొబ్బరి మీద ప్రత్యేక ఆసక్తి కలగడం సహజం. మనదేశంలో చంద్రకల్ప పేరుతో ప్రచారమైన పొడుగు రకం మూలం ఈ దీవులదే. ఇక్కడి చిన్నకాయ రకానికి నూనె శాతం ఎక్కువ. అడిగితే రైతులు ఎంతైనా చెబుతారు, కాని నేలన పడిన కాయనైనా అడగకుండా తీయరాదు. ప్రతి చెట్టుకూ యజమాని ఉంటాడు.

మద్యం ఈ దీవులలో నిషేధం. బంగారం అనే పేరున్న దీవికి మాత్రమే మినహాయింపు. ఊరిలో తిరిగేటప్పుడు ఒంటి నిండా బట్టలు ఉండాలి. ఏటీఎంలు తక్కువ కనుక నగదు వెంట ఉంచుకోవాలి.

9. అండమాన్ రేవులు

శ్రీ విజయపురంలో దిగగానే భాష సమస్య ఉంటుందని భయపడనక్కరలేదు. బెంగాలీ, హిందీ, తమిళంతో పాటు తెలుగు మాట్లాడేవారు పెద్ద సంఖ్యలో ఉన్నారు. వారిలో శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లిన కుటుంబాలు ఎక్కువ. ఆటో మాట్లాడేటప్పుడే తెలుగు పలకవచ్చు.

సెల్యులార్ జైలుకు కనీసం మూడు గంటలు కేటాయించాలి. 1896లో మొదలై 1906లో పూర్తయిన ఆ కట్టడానికి నడిమి బురుజు చుట్టూ ఏడు విభాగాలు ఉండగా నేడు మూడే మిగిలాయి. గోదావరి వాసులు ఇక్కడ పేర్ల పలకల ముందు తీరికగా నిలబడాలి. అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో 1922–24 మధ్య సాగిన రంప పోరాటంలో పట్టుబడిన మన్యం యోధులను ఇక్కడికే పంపారు. 1933 నాటి కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరం వెంకటాచారి కూడా ఈ గోడల మధ్య గడిపారు. పిల్లలకు ఆ కథ ఓడలోనే చెప్పి తీసుకువెళితే, ఆ ఇరుకు గది వారికి వేరుగా కనిపిస్తుంది.

అక్కడి నుంచి స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్‌లకు ఫెర్రీలు ఉన్నాయి. ప్రభుత్వ ఫెర్రీ ఫీనిక్స్ బే జెట్టీ నుంచి బయలుదేరుతుంది, చవక; ప్రైవేటువి వేగం, ఏసీ ఉన్నవి. స్వరాజ్ ద్వీప్‌కు సుమారు రెండు గంటలు. ఫెర్రీ లోపల కిటికీలు మూసి ఉండడం వల్ల పెద్ద ఓడలో ఏమీ కానివారికి కూడా ఇందులో కడుపు తిప్పుతుంది. మాత్ర ఇక్కడా అవసరమే.

షహీద్ ద్వీప్‌లో లక్ష్మణ్‌పూర్ దగ్గరి సహజ రాతి వంతెన చూడాలంటే పాటు ఉన్నప్పుడే, అంటే నీరు తీసినప్పుడే వెళ్లాలి. అంతర్వేది, ఓడలరేవు పక్క ఊళ్లవారికి ఈ లెక్క కొత్త కాదు: అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు బాగా తీస్తుంది, అష్టమి ప్రాంతంలో పెద్దగా తీయదు. తిథి చూసుకుని ఆ దీవికి రోజు ఎంచుకుంటే, ఎండిన పగడపు రాళ్ల మధ్య గుంటల్లో చిక్కుకున్న చేపలను, నక్షత్ర జీవులను చేరువ నుంచి చూడవచ్చు. రాళ్లు పాచి పట్టి ఉంటాయి కనుక వట్టి కాళ్లతో నడవరాదు. స్నానానికి మాత్రం పోటు వేళే మంచిది, లేకపోతే పగడాలకు కాళ్లు గీసుకుంటాయి, పగడాలూ విరుగుతాయి.

పగడం ముక్క గాని, సముద్రంలో ఏరిన శంఖం గాని వెంట తేరాదు. తనిఖీలో దొరికితే కేసు పెడతారు. అనుమతితో అమ్మే దుకాణంలో కొన్నదానికి రసీదు ఉంచుకోవాలి. జారవా తెగవారికి కేటాయించిన రక్షిత ప్రాంతం గుండా వెళ్లే దారిలో వాహనం ఆపడం, ఫొటో తీయడం, తినుబండారాలు ఇవ్వడం నేరం.

10. తిరుగు ప్రయాణం

అండమాన్ నుంచి రెండు వైపులా ఓడలోనే రావాలన్న పట్టుదల అవసరం లేదు. వెళ్లేటప్పుడు ఓడ, వచ్చేటప్పుడు విమానం అన్న ఏర్పాటు చాలామందికి సరిపోతుంది, ఎందుకంటే విశాఖకు తిరిగి వచ్చే ఓడ తేదీ మన సెలవులకు కలవడం అరుదు. లక్షద్వీప్ యాత్రలో చివరి రోజున గదిలో చేసిన ఖర్చులు, అద్దెకు తీసుకున్న ఈత సామగ్రి లెక్క ముందు రాత్రే తేల్చుకోవాలి. ఉదయం అందరూ ఒకేసారి కౌంటరు దగ్గర చేరతారు.

కొచ్చిలో దిగిన రోజునే రైలు ఎక్కేవారు సాయంత్రం తరువాత బయలుదేరే రైలునే ఎంచుకోవాలి. ఓడ దిగాక ఒక పూట, కొందరికి ఒకటి రెండు రోజులు, నేల కూడా ఊగుతున్నట్లే ఉంటుంది. అది తనంతట తగ్గుతుంది. అంతవరకు స్టేషను మెట్ల మీద పెద్దవారి చేయి పట్టుకోవాలి, ఇంటికి చేరిన రోజున స్కూటరు నడపరాదు.